దాస్యనిర్మూలన చరిత్రము: పదునేను ద్వారములు

నారదస్మృతియందు దాసులు పదునేను విధములవారని చెప్పఁబడియున్నది. ఇంటఁ బుట్టినవాఁడు, వెల యిచ్చి కొనఁబడినవాఁడు, దానముగా వచ్చినవాఁడు, దాయముగా సంక్రమించినవాఁడు, కఱవుకాలమునఁ దిండి పెట్టి పోషింపఁబడినవాఁడు, కుదువ పెట్టఁబడినవాఁడు, ఋణము తీర్పఁబడి కట్టువడినవాఁడు, యుద్ధమునఁ జిక్కినవాఁడు, పందెమున గెలువఁబడినవాఁడు, నీవాఁడనని తానై వచ్చి చేరినవాఁడు, సన్న్యాసమునుండి భ్రష్టుఁడైనవాఁడు, ఇంతకాలమని గడువు కట్టుకొన్నవాఁడు, కూటికొఱకుఁ గొలువు చేయువాఁడు, దాసియందలి మోహముచే దాసుఁడైనవాఁడు, తన్నుఁ దానే యమ్ముకొన్నవాఁడు అనునవి యా విధములు. మనువు ఏడు విధములను జెప్పెను. విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరలో నారదుని విభాగమునే గ్రహించెను. దాసుని విడిచిపెట్టు విధియు నారదుఁడు చెప్పెను. యజమానుఁడు వాని భుజముమీఁది నీటికుండను దీసి పగులఁగొట్టి, అక్షతలతోను బువ్వులతోను గూడిన నీటిని వాని తలపైఁ జల్లి, వాఁ డిఁక దాసుఁడు కాఁడని ముమ్మాఱు పలుకవలెను.

దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. దాస్యమను నింటికి ద్వార మొక్కటి కాదు, పెక్కులు. మఱియు నందుండి వెలువడుటకు యజమానుని యిచ్ఛయే ప్రధానమైన తాళపుఁజెవి. కుండ పగిలినపుడు విముక్తుఁడైనవాఁడు ఒక్క దాసుఁడే; దాస్యము మాత్రము చెక్కు చెదరదు. గ్రీకులయందును, రోమకులయందును, అరబ్బులయందును విమోచనవిధు లుండెను. కాని దాస్యమనువ్యవస్థనే రాజశాసనముచేతఁ దుడిచివేయవలెనని ప్రజలు సంఘములుగాఁ గూడి, సాక్ష్యములు సేకరించి, సంతకములు పెట్టి పోరాడుట పదునెనిమిదవ శతాబ్ద్యంతముననే కానవచ్చుచున్నది. ఈ యుద్యమచరిత్రమును, అది మనదేశమునకుఁ బాఱివచ్చిన తెఱఁగును సంగ్రహముగాఁ జెప్పుట యీ వ్యాసమున కుద్దేశము. దీనిఁ బరిశీలించిన కొలఁది ఒక్క నియమము స్పష్టపడును. ప్రతి శాసనమును దాను పేరెత్తి చెప్పిన ద్వారమునే మూసినది. తక్కిన ద్వారములు తెఱచియే యుండెను.

యూరపుజాతులు అట్లాంటికు సముద్రముమీఁద నడపిన బానిసవర్తకము పదునాఱవ శతాబ్దినుండి పందొమ్మిదవ శతాబ్దిమధ్యముదాఁక సాఁగెను. చరిత్రకారులు ఓడల లెక్కలనుబట్టి యంచనా వేయఁగా, సుమారు 1 కోటి 25 లక్షల యాఫ్రికావాసులు ఓడలకెక్కింపఁబడిరి; సుమారు 1 కోటి 7 లక్షలమందియే యావలియొడ్డున దిగిరి. తక్కినవారు దారిలోనే గతించిరి. లివర్పూలు, బ్రిస్టలు, లండను రేవులనుండి బట్టలు, తుపాకులు, లోహపుసామగ్రి ఆఫ్రికాకుఁ బోవును. వానికి మాఱుగాఁ గొనఁబడిన మనుష్యులు అమెరికాదీవులకుఁ బోవుదురు. వారు పండించిన చెఱకుపంచదార తిరిగి యింగ్లండునకు వచ్చును. ఈ చక్రమున మన తీరమునకును బాలు గలదు. కోరమండలతీరమున నేయఁబడిన నూలుబట్టలు, ముఖ్యముగా గినీబట్టలని పేరొందిన నీలిబట్టలు, ఆఫ్రికాతీరమున మనుష్యులకు వెలగా నియ్యఁబడెడివి. మన సాలెవాఁడు తన బట్ట యెచ్చట నెవ్వరి మెడకు వెల యగుచున్నదో యెఱుఁగఁడు. పంచదార తినువాఁడును నెఱుఁగఁడు. ఇట్లెఱుఁగనివారి కెఱుక కలిగించుటయే యుద్యమముయొక్క మొదటి పని యయ్యెను.

దాస్యము ధర్మవిరుద్ధమని మొదట సంఘముగా ఘోషించినవారు క్వేకరులను క్రైస్తవశాఖవారు. పెన్సిల్వేనియాలోని జర్మనుటౌనులో 1688 సంవత్సరముననే వారిలోఁ గొందఱు వ్రాఁతమూలకముగా నిరసన తెల్పిరి. ఇంగ్లండులో నీ ప్రశ్న న్యాయస్థానమున కెక్కినది గ్రాన్విల్ షార్పు అను నొక చిన్న యుద్యోగి పట్టుదలవలన. జేమ్సు సోమర్సెట్టు అను బానిసను యజమానుఁడు అమెరికానుండి లండనునకుఁ దీసికొనివచ్చెను. వాఁడు 1771లోఁ బాఱిపోయి పట్టుపడఁగా, జమైకాలో నమ్మివేయుటకై సంకెలలతో నోడలో నుంచిరి. షార్పు మొదలగువారు పూనుకొనఁగా వ్యాజ్యము లార్డు మాన్సుఫీల్డు నెదుటికి వచ్చెను. 1772 జూను 22వ తేదిని ఆయన తీర్పు చెప్పుచు, దాస్యము అత్యంతహేయమగుటచే స్పష్టమైన శాసనముండిననే గాని నిలువదనియు, అట్టి శాసన మింగ్లండులో లేదు గావున నీ మనుష్యుని విడువవలసినదనియు నిర్ణయించెను. తీర్పు నిజమునకు మిక్కిలి సంకుచితమైనది. యజమానుఁడు బానిసను బలవంతముగా దేశముదాఁటింపఁగూడదనుటయే దాని సారము. ఇంగ్లండులోని బానిసలందఱు నాఁడే స్వతంత్రులైరనుట పొరపాటు. అయినను, దాస్యము ప్రకృతిధర్మము కాదు, శాసనముచే నిలిచిన కట్టడమే యని యొప్పుకొన్నట్లయ్యెను. శాసనముచే నిలిచినది శాసనముచేఁ గూలవచ్చును గదా!

తరువాతి సంగతి మఱింత ఘోరము. 1781లో జాంగ్ అను నోడ యాఫ్రికానుండి జమైకాకుఁ బోవుచుండఁగా, నీరు చాలదను నెపమున నోడవారు సుమారు 130 మందిని బ్రదికియుండఁగనే సముద్రమునఁ ద్రోసిరి. ఓడ యజమానులు చనిపోయినవారికి తలకు 30 పౌనుల చొప్పున భీమాసొమ్ము కోరిరి. 1783లో నీ వ్యవహారము న్యాయస్థానమునకు వచ్చినది హత్యానేరముగాఁ గాదు, భీమాతగాదాగా. మొదటి విచారణలో జూరీ యోడవారికే యనుకూలముగాఁ జెప్పెను. పునర్విచారణ జరుపవలెనని పై న్యాయమూర్తు లాజ్ఞాపించిరి గాని, హత్యకై యెవ్వరును శిక్షింపఁబడలేదు. ఈ వార్తను షార్పునకుఁ దెలిపినవాఁడు ఒలౌడా ఎక్వియానో. ఈతఁడు స్వయముగా బానిసయై, 1766లో 40 పౌనులు చెల్లించి తన్నుఁ దాను గొనుక్కొన్నవాఁడు.

పండితలోకమునకుఁ బ్రత్యేకముగా స్మరణీయమైన ఘట్ట మొకటి 1785లో జరిగెను. ఆ సంవత్సరము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు లాటినువ్యాసపరీక్షకు, ఇతరులను వారి యిష్టమునకు విరుద్ధముగా దాసులను జేయుట న్యాయమా యను ప్రశ్న నిచ్చిరి. థామస్ క్లార్క్సను అను విద్యార్థి బహుమానముకొఱకే వ్రాయఁబూనెను. ఆతనికి విషయము తెలియదు. గ్రంథములు వెదకఁగా, ఆంథొనీ బెనెజెట్టు గినీదేశమునుగూర్చి వ్రాసిన పుస్తకము దొరకెను. చదివినకొలఁది నిద్ర దూరమయ్యెను. బహుమానము వచ్చెను. వ్యాసము చదివి గుఱ్ఱముమీఁద లండనునకుఁ బోవుచు, దారిలో వేడ్సుమిల్లు గ్రామముచెంత దిగి కూర్చుండి, తాను వ్రాసినది నిజమైనచో నీ దుఃఖమును దుదముట్టించుట కెవ్వరో యొకరు పూనవలదా యని చింతించెను. వ్యాసము వ్రాయుటతోఁ బని ముగిసినదని యాతఁడు తలఁపలేదు. 1786లో దాని నింగ్లీషున వెలువరించి, మిగిలిన జీవితము నందులకే వెచ్చించెను.

1787 మే 22వ తేదిని లండనులోని యొక ముద్రణశాలలోఁ బండ్రెండుగురు కూడి సంఘము స్థాపించిరి. అందుఁ దొమ్మండుగురు క్వేకరులు. షార్పును గ్లార్క్సనును తక్కినవారిలోనివారు. వారికిఁ గలిగిన మొదటి చర్చ యేమనఁగా: బానిసవర్తకమును మాన్పవలెనా, బానిసత్వమునే మాన్పవలెనా? షార్పు రెండింటిని గోరెను. తక్కినవారు వర్తకమునే మొదటి గుఱిగా నిర్ణయించిరి. వర్తకమును నియమించుటకుఁ బార్లమెంటునకు సందేహము లేని యధికారము కలదు; స్వామ్యమును ముట్టినచో దీవులలోని తోఁటయజమానులు సొత్తునకు భంగమని మొఱపెట్టుదురు. పైఁగా, క్రొత్త బానిసలు దొరకనిచో యజమానులు ఉన్నవారినే కనికరముతోఁ జూతురనియు, దాస్యము క్రమముగా సడలుననియు వారి యాశ. ఈ యెత్తు గెలుచుటకుఁ దగినదే. కాని నారదుని మాటలలోఁ జెప్పవలెనన్నచో, వారు కొనఁబడినవాఁడు ప్రవేశించు ద్వారమును మాత్రము మూయఁబూని, ఇంటఁ బుట్టినవాని ద్వారమును విడిచిరి.

క్లార్క్సను పరిశోధనరీతి నేఁటి పరిశోధకులకును నాదర్శప్రాయము. ఆతఁడు రేవులన్నియుఁ దిరిగి, నావికులను వెదకి ప్రశ్నించి, ఓడల జాబితాలను బ్రతి వ్రాసికొనెను. ఏడేండ్లలో నాతఁడు చేసిన ప్రయాణము 35,000 మైళ్లని చెప్పుదురు. బానిసవర్తకము నావికులకు శిక్షణస్థానమని ప్రతిపక్షుల వాదము. ఆ జాబితాలే యావాదమును గూల్చినవి. ఆ యోడలలోఁ దెల్లనావికులును విశేషముగాఁ జచ్చుచుండిరని తేలెను. లివర్పూలులోని యొక యంగడిలో నాతఁడు చేతిసంకెలలను, కాలిసంకెలలను, వ్రేళ్లను నొక్కు మరను, తిండి మానినవాని నోరు బలవంతముగాఁ దెఱచు పనిముట్టును గొనితెచ్చెను. ఉపన్యాసములకంటె నా యినుము గట్టిగాఁ బలికెను. బ్రూక్సు అను నోడ పటము 1788లోఁ బ్లిమతులో గీయఁబడి, మఱుసంవత్సరము లండనులో సవరింపఁబడి వేలకొలఁది ప్రతులుగా వ్యాపించెను. 1788 నాఁటి నియమశాసనముప్రకార మా యోడలోఁ 454 మందిని ఎక్కింపవచ్చును; పటములో అంతమందిని బేర్చినను త్రోవ యుండదు. ఆ శాసనమునకు ముం దొక ప్రయాణమున నదే యోడ 609 మందిని మోసినది. 1789లో ఎక్వియానో తన జీవితచరిత్రమును వెలువరించెను. సాక్ష్యమిచ్చువాఁ డిఁక నావికుఁడు మాత్రమే కాదు, సంకెలలు మోసినవాఁడు.

ఇట్లు సాక్ష్యములు చేకూరఁగాఁ బ్రజలు కదలిరి. 1792లోఁ బార్లమెంటునకు 519 విన్నపములు చేరెను. ఒక్క విషయమునఁ నన్ని విన్నపములు అంతకుముం దెన్నఁడును రాలేదు. స్త్రీలకు నాఁడు వోటు లేదు. కాని వంటిల్లు వారి చేతిలో నుండెను. 1791 మొదలు సుమారు మూఁడులక్షలమంది బానిసలు పండించిన పంచదారను మానిరని క్లార్క్సను లెక్కించెను. రాజకీయాధికారము లేనివారు నీతికై సరకును బహిష్కరించుటకు నిది తొలి నిదర్శనములలో నొకటి.

పార్లమెంటులో నీ పక్షమున వాదించినవాఁడు విలియం విల్బర్ఫోర్సు. 1791లో నాతని ప్రతిపాదన 163 మంది కాదనఁగా, 88 మంది యౌననఁగా నోడిపోయెను. 1792లోఁ బ్రతినిధిసభ వర్తకమును మాన్ప నంగీకరించెను గాని, హెన్రీ డండాసు సూచించిన ‘క్రమక్రమముగా’ నను నొక్క మాట యందుఁ జేరెను. ప్రభువులసభ యంతటితో దానిని నిలిపివేసెను. ఒక్క క్రియావిశేషణము పదునైదేండ్లు మ్రింగినదనిన నతిశయోక్తి కాదు. ఇంతలోఁ బరాసుదొరతనమునకు లోఁబడిన సెంట్ డొమింగోదీవిలో 1791 ఆగస్టున బానిసలే తిరుగఁబడిరి. 1794 ఫిబ్రవరిలోఁ బరాసుసభ దాస్యమును రద్దు చేసెను; 1802లో నెపోలియను తిరిగి దానిని బ్రతికింపఁ జూచెను. ఆ ప్రజలాతని సేనను నోడించి, 1804 జనవరి 1వ తేదిని హైతియను పేర స్వతంత్రరాజ్యము ప్రకటించిరి. విమోచనము దయాళువు లిచ్చిన దానమే కాదు, దాసులు సంపాదించుకొన్న హక్కుకూడ నని యీ ఘట్టము నిరూపించుచున్నది. దానికిని వెల తప్పలేదు. పూర్వయజమానులకు నష్టపరిహారముగా 15 కోట్ల ఫ్రాంకు లీయవలెనని 1825లోఁ బరాసురాజు హైతిని నిర్బంధించెను. తరువాత నది 9 కోట్లకుఁ దగ్గింపఁబడినను, ఆ ఋణభార మా దేశమును జిరకాలము క్రుంగఁదీసెను.

1807లో నింగ్లీషుపార్లమెంటు బానిసవర్తకమును నిషేధించెను. ప్రతినిధిసభలో 283 మంది యౌననఁగాఁ గేవలము 16 మంది కాదనిరి. మార్చి 25వ తేదిని రాజామోదము లభించెను. అమెరికాసంయుక్తరాష్ట్రములలోను దిగుమతి 1808 జనవరి 1నుండి నిషిద్ధమయ్యెను. ఇంగ్లీషు యుద్ధనౌకలు ఆఫ్రికాతీరమునఁ గావలి కాచి, తరువాతి ఏఁబదేండ్లలో సుమారు లక్షన్నరమందిని బానిసయోడలనుండి విడిపించెను. అయినను, వర్తకము నిలిచినచో దాస్యము తానే సడలునను నాశ ఫలింపలేదు. తోఁటలలోఁ బుట్టిన బిడ్డలు పుట్టుకతోనే బానిసలగుచుండిరి.

కాఁబట్టి 1823లో రెండవ యుద్యమ మారంభమయ్యెను. దాని నాయకులును మొదట ‘క్రమక్రమముగా’ననియే పలికిరి. 1824లో లెస్టరుపురవాసిని ఎలిజబెత్ హేరిక్కు ‘వెంటనే’ యని వ్రాసి యా మాటను ద్రోసిపుచ్చెను. స్త్రీసమాజము లామెను బలపఱచెను. 1831లో మేరీ ప్రిన్సు అను దాసి తన కథను జెప్పి వ్రాయించెను. ఆ సంవత్సరము డిసెంబరులో జమైకాలో సామ్యూల్ షార్పు నాయకత్వమున వేలకొలఁది బానిసలు పని మాని తిరుగఁబడిరి. పిమ్మట మున్నూఱుమందికిఁ బైఁగా నురిశిక్ష పొందిరి. 1832 మేలో సామ్యూల్ షార్పును నురికంబ మెక్కెను. దాస్యమును నిలుపుట దానిని మాన్పుటకంటె నపాయకరమని పాలకులకుఁ దోఁచెను. 1833లో ఐదువేలకు మించిన విన్నపములు వచ్చెను. ఆ ఆగస్టు 28వ తేదిని విమోచనశాసన మామోదింపఁబడి, 1834 ఆగస్టు 1నుండి యమలులోనికి వచ్చెను. విల్బర్ఫోర్సు దాని జయము నిశ్చయమని విని, జూలై 29న గతించెను.

ఈ శాసనముచే సుమారు 8 లక్షలమంది విముక్తులైరి. కాని దాని నిబంధనలను జదువవలెను. రెండు కోట్ల పౌనులు పరిహారముగా నియ్యఁబడెను, ఎవరికి? యజమానులకు. చేసిన చాకిరికి బానిసల కొక్క పెన్నియు ముట్టలేదు. ఆ సొమ్మునకై చేసిన యప్పు మఱికొన్ని యప్పులతోఁ గలసి, ఇంగ్లండు బొక్కసమునుండి 2015 సంవత్సరమునఁ గాని పూర్తిగాఁ దీఱలేదు. విముక్తులు శిష్యవృత్తియను పేర నాఱేండ్లదాఁక పాత యజమానులకే జీతములేని పని చేయవలెను. ప్రజలు మరల నాందోళన చేయఁగా నది 1838 ఆగస్టు 1న ముగిసెను. మూఁడవ సంగతి మనకు ముఖ్యము. ఈస్టిండియాకంపెనీ యేలుబడిలోని దేశములు, సింహళము, సెంట్ హెలీనాదీవి యీ శాసనమునకు వెలుపల నుంచఁబడినవి.

ఇందొక వింత కలదు. 1820 మొదలైన యేండ్లలో నింగ్లండున గృహిణులు కొన్న పంచదారగిన్నెలమీఁద, లోనిది తూర్పిండియాపంచదార యనియు, బానిసలు చేసినది కాదనియు వ్రాసి యుండెడిది. కాని మనదేశమున దాస్యము లేకపోలేదు. మలబారులో భూమితోఁ గూడ మనుష్యులు చేతులు మాఱుచుండిరి. కఱవులలోఁ దల్లిదండ్రులు బిడ్డల నమ్ముకొనుచుండిరి. పదునేడవ శతాబ్దిలో ఒలందావారు కోరమండలతీరపుఁ గఱవులయందు వేలమందిని గొని బటేవియాకును, సింహళమునకును దరలించిరి. ఓడలమీఁద నెగుమతిని 1789లోఁ గారన్వాలీసు నిషేధించెను. లోపలి దాస్యము మాత్ర మట్లే యుండెను. కంపెనీ న్యాయస్థానములలో దాసవ్యాజ్యములు వచ్చినపుడు పండితులు స్మృతివాక్యములను, మౌల్వీలు తమ ధర్మశాస్త్రమును జూపి వ్యవస్థ లిచ్చుచుండిరి. నారదుని పట్టిక కేవలము గ్రంథస్థము కాదు, పందొమ్మిదవ శతాబ్దిలోఁ గూడ వ్యవహారస్థమే.

1843 ఏప్రిలు 7వ తేదిని మనదేశమునకు ఐదవ యాక్టు వచ్చెను. దాని రచన నిగూఢమైనది. అది యే బానిసను స్వతంత్రుఁడవని పలుకలేదు. ఏ యజమానుని శిక్షింపలేదు. కోర్టుడిక్రీకై మనుష్యుని వేలము వేయరాదు. దాసునిపై స్వామ్యమును బట్టి వచ్చు హక్కును న్యాయస్థాన మంగీకరింపరాదు. దాసుఁడను కారణమున నెవ్వని యాస్తియుఁ బోఁగూడదు. స్వతంత్రునిపట్ల నేరమగు చర్య దాసునిపట్లను నేరమే. ఇంతియే. న్యాయస్థానము కన్ను మూసికొన్నది. దాసుఁడు లేచి పోవచ్చును, పోఁగలిగినచో. భూమి లేనివాఁడు, అప్పున్నవాఁడు, ఊరిలో నంటరానివాఁడని త్రోయఁబడినవాఁడు ఎక్కడికిఁ బోవును? మనుష్యుని బానిసగాఁ గొనుటయు నమ్ముటయు నేరమైనది 1860 నాఁటి శిక్షాస్మృతివలన. అది 1862 జనవరి 1నుండి యమలయ్యెను.

ఇంతలో సముద్రముమీఁద వేఱొక ద్వారము తెఱవఁబడెను. బానిసలు విముక్తులగుటచే దీవులలోని తోఁటయజమానులకుఁ గూలీలు కావలసివచ్చెను. 1834 నవంబరు 2న అట్లాసు అను నోడలో భారతీయకూలీలు మారిషసునకుఁ జేరిరి. అది మొదలు ఎనుబదేండ్లలో సుమారు 13 లక్షలమంది చెఱకుదీవులకుఁ బోయిరి. తెలుఁగువారును బోయిరి. గోదావరీముఖమునందలి కోరంగిరేవునుండి యోడలెక్కినవారగుటచే మారిషసులోఁ దెలుఁగువారికిఁ గోరంగివారను పేరు స్థిరపడెను. దక్షిణాఫ్రికాలోని నేటాలునకుఁ జెన్నపట్టణమునుండి బయలుదేఱిన ట్రూరో అను తొలి యోడ 1860 నవంబరు 16న 342 మందిని దింపెను. ఈ కూలీలు కొనఁబడినవారు కారు. ఐదేండ్లకుఁ గడువు కట్టుకొని సంతకము పెట్టినవారు, లేదా వ్రేలిముద్ర వేసినవారు. ఆ యొడంబడికకే ‘గిర్మిటు’ అని వారి నోట పేరు వచ్చెను. పని మానినచో సివిలుతగాదా కాదు, చెఱసాల. చీటి లేక తోఁట దాఁటినచోఁ జెఱసాల. నారదుఁడు చెప్పిన, ఇంతకాలమని గడువు కట్టుకొన్న దాసుఁడు ఈతఁడే గదా యని తోఁపక మానదు. అయినను రెండును సమానములని చెప్పుట న్యాయము కాదు. గిర్మిటువాని బిడ్డ పుట్టుకతో బానిస కాఁడు. గడువునకు ముగింపు కలదు. ఈ భేదము చిన్నది కాదు, చాలినదియుఁ గాదు. 1912లో గోఖలే యీ పద్ధతిని మాన్పవలెనని చట్టసభలోఁ బ్రతిపాదించి యోడెను. దేశమున నాందోళనము పెరుఁగఁగా 1917లోఁ గూలీలను బంపుట నిలిచెను. 1920 జనవరి 1న మిగిలిన యొడంబడికలును రద్దయ్యెను.

బయటిద్వారము మూయఁబడినను నింటిలోని ద్వారములు మిగిలెను. తెలంగాణమున వెట్టియు, అప్పునకై చాకిరి చేయు భాగేలాపద్ధతియు నుండెను. భాగేలాయొడంబడికలపై నిజాముప్రభుత్వము 1936లో నియమములు చేసెను. మన్యప్రాంతముల ఋణదాస్యముపై మద్రాసుప్రభుత్వము 1940లోఁ జేసెను. వెట్టి యను పదము సంస్కృతవిష్టిశబ్దభవము. రాజులు శాసనములలోఁ బన్నుగాఁ బేర్కొన్న చాకిరియే వెట్టియై యూరూరఁ బాతుకొనెను. 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 23వ యధికరణము మనుష్యవిక్రయమును, వెట్టిని, తత్సదృశమైన బలవంతపుఁ జాకిరిని నిషేధించెను.

1976 నాఁటి వెట్టిచాకిరి నిర్మూలనశాసనము పదశాస్త్రాభిమానులు తప్పక చదువఁదగినది. అందు నిర్వచనమునకు వివరణముగా దేశభాషలనుండి సుమారు 30 పేర్లు చేర్పఁబడినవి. భాగేలా, జీతా, వెట్టి, పాలేరు అను మాట లందుఁ గలవు. ఏఁటిజీతమునకుఁ గుదిరిన సేద్యగానికి మన పల్లెలలో వాడుకయైన పాలేరు అను మాట, బలవంతపుఁ జాకిరిపేర్ల నడుమ శాసనమున కెక్కినదనఁగా, ఆ మాటవెనుక నెన్ని యప్పులు, ఎన్ని తరములు దాఁగియున్నవో యూహింపవచ్చును. కాని శాసనకర్తలు పేర్లతోనే యాఁగలేదు, లక్షణమును జెప్పిరి. అప్పువలననైనను, ఆచారమువలననైనను, వారసత్వమువలననైనను, ఒక కులమునఁ బుట్టుటవలననైనను, ఒకఁడు కూలి లేకయో నామమాత్రపుఁ గూలికో చాకిరి చేయవలసినచో, లేదా వేఱొకచోటఁ బని చూచుకొనుటకును దిరుగుటకును స్వాతంత్ర్యము కోల్పోయినచో, నది వెట్టియే. వాని యప్పు రద్దు. 1833 శాసనము యజమానునికిఁ బరిహార మిచ్చెను. 1976 శాసనము దాసుని ఋణమును గొట్టివేసెను. నూటనలువదేండ్లలో ధర్మబుద్ధి యెంతదూరము నడచినదో యీ రెండు నిబంధనలనుఁ బ్రక్కప్రక్కనుంచినఁ దెలియును.

ఇఁకఁ గడపటి ద్వారము. 1982లో సుప్రీముకోర్టు ఢిల్లీ యేషియాక్రీడల నిర్మాణములలోని కూలీల వ్యాజ్యమున, 23వ యధికరణములోని బలవంతమునకు నర్థము చెప్పవలసివచ్చెను. బలవంతమనఁగాఁ గొరడాయే కాదు. ఆఁకలియు, దారిద్ర్యమును మనుష్యుని వేఱు దారి లేకుండఁ జేసినపుడు నదియు బలవంతమే. శాసనము విధించిన కనీసపుఁ గూలికంటెఁ దక్కువకుఁ బని చేయించుట బలవంతపుఁ జాకిరియే యని న్యాయస్థానము తీర్మానించెను. కఱవుకాలమునఁ దిండి పెట్టి పోషింపఁబడినవాఁడు దాసుఁడగునని నారదుఁ డెన్నఁడో చెప్పియుండెను. కూటికొఱకుఁ గొలువు చేయువానిని వేఱుగా లెక్కించెను. ఆఁకలి దాస్యద్వారమని ప్రాచీను లెఱుఁగుదురు. వారు దానిని న్యాయ్యమైన ద్వారముగాఁ దలఁచిరి; నేఁటి న్యాయము దానిని మూయవలసిన ద్వారముగాఁ దలఁచినది. తెలివి ప్రాచీనమే, నూతనమైనది నిర్ణయము.

ఈ చరిత్రమునుండి పండితులకును, ఉపాధ్యాయులకును గ్రహింపఁదగిన దొకటి కలదు. దాస్యము ప్రతిసారియుఁ బేరు మార్చుకొని బ్రతికినది: శిష్యవృత్తి, గిర్మిటు, భాగేలా, జీతము. మృదువైన పేరు పెట్టఁబడినపుడు కఠినమైన వస్తువు కానరాకపోవును. పదములకు నర్థము చెప్పుట మన వృత్తి. పాఠశాలలో వెట్టి, లెంక, తొత్తు, పాలేరు అను మాటలు వచ్చినపుడు నిఘంటువులోని యొక్క పర్యాయపదముతో ముగింపక, ఆ మాటను మోసినవాఁ డెవఁడు, వానికిఁ బోవుటకు దారి యుండెనా యని యడుగవలెను. కేంబ్రిడ్జిలో నొక యుపాధ్యాయుఁడు సరియైన ప్రశ్న యడిగెను. ఒక విద్యార్థి దానిని బరీక్షాప్రశ్నగా మాత్రము విడువలేదు. ఇంతటి మార్పునకు నదియు నొక మొదలు.